కొత్త బండికి ఇంట్లో ఏం చేసుకోవాలి, ఏం ముట్టుకోకూడదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గేర్ల బండి కొని రెండు నెలలైంది, మొదటి సర్వీసు కూడా అయిపోయింది. ఒక ఫ్రెండ్ చైన్ రెండ్రోజులకోసారి కడగాలంటున్నాడు. ఇంకొకాయన ప్రతి 1000 కిలోమీటర్లకీ ఆయిల్ మార్చకపోతే ఇంజిన్ పోతుందని భయపెట్టాడు. సర్వీసు వాళ్లేమో "మీరేం ముట్టుకోకండి, వారంటీ పోతుంది" అన్నారు. స్పానర్ పట్టడమే రాని మనిషి ఇందులో ఎవరి మాట వినాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. వారానికోసారి పది నిమిషాలు కూర్చుని నాలుగే చూసుకోండి: టైర్లలో గాలి, చైన్, ఇంజిన్ ఆయిల్ మట్టం, బ్రేకులు. మిగతాదంతా బండితో ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల ప్రకారం మెకానిక్ చేత చేయించండి. ఆ పుస్తకాన్ని చాలామంది కవరు కూడా విప్పరు. కింద నేను చెప్పే అంకెలకీ మీ మాన్యువల్‌లోని అంకెలకీ తేడా వస్తే మాన్యువల్‌నే నమ్మండి.

ఇరవై ఏళ్లకు పైగా బళ్లు బాగు చేస్తున్నాను. పట్టించుకోక పాడు చేసుకున్న బళ్లు రోజూ వస్తాయి, అందులో వింతేం లేదు. కానీ అతిగా పట్టించుకుని పాడు చేసుకున్నవీ తక్కువేం కాదు. వీణ తీగలా బిగించిన చైన్లు, గీత దాటి పోసిన ఆయిల్, మర పోయిన బోల్టులు, ప్రెషర్ నీళ్లు కొట్టీ కొట్టీ తుప్పు పట్టించిన బేరింగులు. అందుకే కొత్తవాళ్లని మొదటి ఆరు నెలలూ చేతికంటే కంటికి ఎక్కువ పని పెట్టమంటాను. బండి బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తే, తేడా వచ్చిన రోజు మీకే తెలిసిపోతుంది.

గాలి. అన్నిటికంటే తేలికైన పని, అందరూ వదిలేసే పని. ఎంత ఉండాలో చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది. ముందు టైరుకి ఒక అంకె, వెనక టైరుకి ఒంటరిగా వెళ్తే ఒకటి, ఇద్దరు ఎక్కితే ఇంకొకటి. టైరు పక్కన రబ్బరు మీద అచ్చు వేసి ఉండే అంకెని చూసి గాలి కొట్టించకండి. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ బండికి కావలసింది కాదు.

గాలి చల్లటి టైరులోనే చూడాలి. బండి నడిచాక టైరు వేడెక్కి లోపల ప్రెషర్ పెరుగుతుంది. అప్పుడు కొలిచి "ఎక్కువుంది" అని తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. చిన్న గేజ్ ఒకటి సొంతంగా కొనుక్కుని ఇంట్లోనే పొద్దున్నే చూసుకుంటే ఈ గొడవే ఉండదు. కిందటేడాది ఒకాయన హ్యాండిల్ ఒక పక్కకి లాగుతోందని, బేరింగులు మార్చాలేమోనని టెన్షన్ పడుతూ వచ్చాడు. ముందు టైరులో 25 ఉండాల్సిన చోట 13 ఉంది. గాలి కొట్టి పంపేశాను. వారం వారం తగ్గుతోందంటే వాల్వ్ మీద కాస్త సబ్బు నీళ్లు వేసి చూడండి, బుడగలొస్తే లీకు అక్కడే. మేం చాలాసార్లు ఉమ్మి రాసి చూసేస్తాం, అది వేరే సంగతి.

ట్యూబ్‌లెస్ టైరులో మేకు కనిపిస్తే ఆవేశపడి పీకకండి. చాలాసార్లు ఆ మేకే గాలిని ఆపి ఉంచుతుంది. గాలి ఉందో లేదో చూసుకుని, నెమ్మదిగా పంక్చర్ వేసే చోటికి వెళ్లండి. ఇంకో మాట: టైరుకి నల్లగా నిగనిగలాడాలని పాలిష్ రాస్తారు కొందరు. పక్కన రాస్తే సరే, రోడ్డుకి తగిలే భాగం మీద పడిందంటే మొదటి మలుపులోనే జారుతుంది.

చైన్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. రెండ్రోజులకోసారి కడగక్కర్లేదు. 500 కిలోమీటర్లకోసారి చూసి ఆయిల్ వేస్తే మామూలు రోడ్ల మీద సరిపోతుంది. వానలో తడిసినా, దుమ్ము రోడ్డులో తిరిగినా, బండి కడిగినా ఆ రోజే వేయాలి. కొన్ని బళ్లకి చైన్ మొత్తం కవర్‌లో దాగి ఉంటుంది. కవర్‌కి చిన్న రబ్బరు మూత ఉంటుంది, అది తీస్తే చైన్ కనిపిస్తుంది. అలాంటి చైన్‌కి దుమ్ము తక్కువ కాబట్టి శుభ్రం చేసే పని కూడా తక్కువే.

పద్ధతి ఇదీ. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, తాళం చెవి తీసేయండి. పాత మెత్తటి బ్రష్‌తో కొంచెం కిరోసిన్ గానీ చైన్ క్లీనర్ గానీ రాసి మురికి వదిలించి, పొడి గుడ్డతో తుడవండి. పెట్రోల్ వాడకండి. చాలా చైన్లలో లింకుల మధ్య రబ్బరు రింగులు ఉంటాయి, వాటి లోపల కంపెనీలో పెట్టిన గ్రీజు ఉంటుంది. పెట్రోల్ ఆ రబ్బరుని పాడు చేస్తుంది. రబ్బరు పోతే గ్రీజు పోతుంది, గ్రీజు పోయాక పైన ఎంత ఆయిల్ పోసినా లోపలికి చేరదు. ఇనుప తీగల బ్రష్ కూడా ఇందుకే వద్దు. తుడిచాక వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ, చైన్ కింది వరస లోపలి వైపు పడేలా చైన్ లూబ్ గానీ 90 నంబరు గేర్ ఆయిల్ గానీ వేయండి. లోపలి వైపే ఎందుకంటే, చక్రం తిరిగే వేగానికి ఆయిల్ బయటికి చిమ్ముతుంది. లోపల వేస్తే చైన్ గుండా బయటికి వస్తుంది, బయట వేస్తే మీ ప్యాంటు మీదికి వస్తుంది. కాసేపు ఆగి, ఎక్కువైంది తుడిచేయండి. జిడ్డు మిగిలితే దుమ్ము పట్టి గంధంలా అరగదీస్తుంది.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి, గేర్ వేసి, తిరుగుతున్న చైన్‌కి గుడ్డ పెట్టి తుడవకండి. వీడియోల్లో అలా చేసేవాళ్లు ఉన్నారు. గుడ్డని చైన్ లాగేసుకుంటుంది, గుడ్డతో పాటు వేలు కూడా పళ్ల చక్రంలోకి వెళ్తుంది. నాతో పని నేర్చుకున్న కుర్రాడికి కుడి చేతి చూపుడు వేలు చివర ఇప్పుడు లేదు. అర సెకను కూడా పట్టలేదు.

ఇక బిగువు. చైన్ కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి. చాలా మామూలు బళ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి, కొన్నిటికి ఇంకా ఎక్కువ. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడండి. చైన్ అన్ని చోట్లా ఒకేలా అరగదు, ఒక చోట లూజుగా ఉండి ఇంకో చోట బిగువుగా ఉండొచ్చు. అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట ఎంత ఆడుతోందో అదే లెక్క.

కొత్తవాళ్లు లూజు చైన్‌కి భయపడతారు, బిగువు చైన్‌కి భయపడరు. నిజానికి రెండూ చెడ్డవే. మరీ లూజైతే చైన్ టపటపా కొట్టుకుంటుంది, పళ్ల మీద నుంచి ఊడి చక్రం పట్టేసే ప్రమాదమూ ఉంది. బిగువైతే చప్పుడు లేకుండా తినేస్తుంది. మీరు సీటెక్కగానే వెనక సస్పెన్షన్ కిందికి దిగుతుంది. అలా దిగేకొద్దీ ముందు పళ్ల చక్రానికీ వెనకదానికీ మధ్య దూరం కాస్త పెరుగుతుంది, చైన్ ఇంకా బిగుస్తుంది. ఖాళీగా నిలబెట్టినప్పుడే ఆట లేని చైన్, ఇద్దరెక్కి గుంటలో పడినప్పుడు ఎటు పోవాలి? ఆ లాగుడంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీద పడుతుంది. ఒక కాలేజీ కుర్రాడు చైన్ చప్పుడు నచ్చక తనే బిగించుకుంటూ వచ్చాడు, చప్పుడు పోయిందని సంతోషపడ్డాడు. కొన్ని నెలలకి ముందు పళ్ల చక్రం దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. సీలూ పోయింది, దాని వెనక బేరింగూ పోయింది. ఆ బేరింగ్ మార్చాలంటే ఇంజిన్ రెండు ముక్కలుగా విప్పాలి.

బిగించడం ఒకటి రెండుసార్లు మెకానిక్ పక్కన నిలబడి చూశాకే మీరు చేయండి. చైన్ బిగించడమంటే వెనక చక్రాన్ని కొంచెం వెనక్కి జరపడమే. చక్రం ఇరుసు దగ్గర రెండు వైపులా ఉండే గీతలు సమానంగా రావాలి, లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. వెనక డ్రమ్ బ్రేక్ ఉన్న బండైతే ఇంకో చిక్కు ఉంది. చక్రాన్ని వెనక్కి జరిపితే బ్రేక్ రాడ్ కూడా లాగబడి బ్రేక్ బిగుసుకుంటుంది. అది సరిచేయకుండా బయల్దేరితే డ్రమ్ము కాలిపోతుంది, బండి లాగట్లేదని మీరు ఇంజిన్‌ని అనుమానిస్తారు.

ఇంజిన్ ఆయిల్. ఆ రెండో పెద్దమనిషి మాట సగమే నిజం. మొదటి ఆయిల్ త్వరగా మార్చాలన్నది నిజం. కొత్త ఇంజిన్‌లో భాగాలు ఒకదానితో ఒకటి రాసుకుని సర్దుకునేటప్పుడు సన్నటి లోహపు పొడి వస్తుంది, అదంతా ఆ ఆయిల్‌లోనే ఉంటుంది. మీకు మొదటి సర్వీసులో అది మార్చేసే ఉంటారు, బిల్లు మీద ఒకసారి చూసుకోండి. ఆ తర్వాత మాన్యువల్ 3000 అంటే 3000, 6000 అంటే 6000. ప్రతి వెయ్యికీ మార్చితే ఇంజిన్‌కి హాని లేదు, మీ డబ్బుకే హాని. ఆయిల్ నల్లబడిందని కంగారు పడకండి. మసినీ మురికినీ తనలో పట్టి ఉంచుకోవడం దాని పనే, నల్లబడిందంటే ఆ పని చేస్తోందన్నమాట. పాలు కలిపిన టీ రంగులోకి వస్తే మాత్రం లోపల నీళ్లు కలిశాయి, నడపకుండా చూపించండి.

మట్టం చూడటం నేర్చుకోండి, ఇది ఎవరైనా చేయొచ్చు. సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపండి. మరో రెండు మూడు నిమిషాలు ఆగితే పైకెక్కిన ఆయిల్ కిందికి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే గీతల పుల్ల) తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. కొన్ని బళ్లకి మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, కొన్నిటికి పూర్తిగా తిప్పాలి. ఏది మీదో మాన్యువల్‌లో ఉంటుంది. ఈ తేడా తెలియక "ఆయిల్ తక్కువుంది" అనుకుని పోసేవాళ్లు చాలామంది. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క ఎలాగూ తప్పే. రెండు గీతల మధ్య ఎక్కడున్నా సరే, పై గీత దాకా రావాలన్న పట్టుదల వద్దు. పై గీత దాటితే ఆయిల్ నురగ కడుతుంది, లోపల ఒత్తిడి పెరిగి ఎయిర్ ఫిల్టర్‌లోకి కూడా తన్నుకొస్తుంది.

తక్కువైతే పోయండి, కానీ ఏది పడితే అది కాదు. గేర్ల బళ్లలో క్లచ్ ప్లేట్లు కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్లలో అలా కాదు. అందుకే కారు ఆయిల్స్‌లో చాలావాటిలో జారుడు పెంచే మందులు కలుపుతారు. అవి మన క్లచ్ ప్లేట్లకి తగిలితే ప్లేట్లూ జారతాయి. ఇంట్లో కారుకి తెచ్చి మిగిలిన ఆయిల్ బండికి పోసినాయన ఒకరు వచ్చారు. ఇంజిన్ గోల పెడుతోంది, బండి మాత్రం ఎత్తు ఎక్కట్లేదు. క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే బళ్లకి పనికొస్తుందని చెప్పే గుర్తు, 'జాసో ఎంఏ' (JASO MA) లేదా 'ఎంఏ2' (MA2), డబ్బా మీద ఉందో లేదో చూడండి. 'ఎంబీ' అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లది, వద్దు. ఆయిల్ చిక్కదనం చెప్పే 10డబ్ల్యూ30, 20డబ్ల్యూ50 లాంటి గ్రేడ్ మాన్యువల్‌లో చెప్పిందే వాడండి. ఖరీదైనదల్లా మంచిదనుకోకండి.

ఆయిల్ మార్చడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి. కింద డ్రెయిన్ బోల్టు కూర్చునే చోటు అల్యూమినియం. కొంచెం ఎక్కువ బలం వాడితే మర పోతుంది. ఆ తర్వాత దాన్ని బాగు చేయడం ఆయిల్ మార్చడమంత తేలిక కాదు.

బ్రేకులు. డిస్క్ ఉంటే ఫోన్ లైటు వేసి ప్యాడ్ల మందం చూడండి. చాలా ప్యాడ్లకి మధ్యలో గాడి ఉంటుంది, ఆ గాడి కనిపించకుండా పోయిందంటే మార్చే టైమైంది. డ్రమ్ అయితే బ్రేక్ ఆర్మ్ దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేక్ పూర్తిగా నొక్కినప్పుడు అది హద్దు గీత దాటితే లైనర్లు అయిపోయినట్టే.

హ్యాండిల్ మీద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కొంచెం కొంచెం తగ్గుతుంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ అలా తగ్గడం మామూలే, వెంటనే నింపాలని చూడకండి. ముందు ప్యాడ్లు చూడండి. ఒక్కసారిగా తగ్గితే మాత్రం ఎక్కడో కారుతోంది. ఆ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, అందుకే చాలా మాన్యువల్స్ రెండేళ్లకోసారి మార్చమంటాయి. తేమ పట్టిన ఆయిల్ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి మరుగుతుంది, లివర్ మెత్తగా హ్యాండిల్‌కి ఆనుకుంటుంది. లివర్ స్పాంజిలా అనిపించిన రోజు బండి తీయొద్దు. ఇక చైన్‌కి లూబ్ కొట్టేటప్పుడు ఆ స్ప్రే డిస్క్ మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. డిస్క్‌ని మెరిపించడానికి పాలిష్ రాసిన మహానుభావుడు కూడా నాకు తెలుసు. గేటుని గుద్ది ఆగాడు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. క్లచ్ లివర్ చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల దాకా ఊరికే ఆడాలి. అస్సలు ఆట లేకపోతే క్లచ్ సగం నొక్కినట్టే ఉండి ప్లేట్లు అరుగుతాయి. కాగితం ఎయిర్ ఫిల్టర్లలో కొన్నిటికి కంపెనీయే జిగురులాంటి ఆయిల్ పట్టించి ఇస్తుంది. వాటికి గాలి కొట్టడం, కడగడం చేయకూడదు, మార్చడమే. స్పార్క్ ప్లగ్ మీరు విప్పనక్కర్లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ ఎప్పుడూ చివరి చుక్క దాకా తేకండి. ట్యాంకులో ఉండే పంపు ఆ పెట్రోల్ వల్లే చల్లగా ఉంటుంది. నెల రోజులు బండి తీయకపోతే బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి పెట్టండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు.

కడగడం: ఇంజిన్ చల్లారాకే, మామూలు పైపు నీళ్లతో. ప్రెషర్ గన్ని చక్రం మధ్యలోకి, హ్యాండిల్ కింద మెడ దగ్గరికి, స్విచ్‌ల మీదికి కొట్టకండి. అక్కడి సీళ్లు వాన నీళ్లకి తట్టుకుంటాయి గానీ, గురిపెట్టి కొట్టే నీళ్లకి కాదు. కడిగాక మొదటి వంద మీటర్లు నెమ్మదిగా వెళ్తూ బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కి ఆరబెట్టండి.

బండి స్టార్ట్ కాలేదని ఫోన్ చేసే ముందు హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే ఎర్ర స్విచ్ చూడండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను. బండిని ఆటో ట్రాలీలో వేసుకొచ్చినాయనకి నేను చేసిన రిపేరు ఆ స్విచ్ నొక్కడమే. ఎవరో పిల్లలు ఆడుకుంటూ ఆపేశారు. అలాగే కొన్ని బళ్లు సైడ్ స్టాండ్ దించి ఉంటే స్టార్ట్ కావు, లేదా గేర్ వేయగానే ఆగిపోతాయి.

వారంటీ సంగతి. గాలి చూసుకోవడం, చైన్‌కి ఆయిల్ వేయడం, డిప్‌స్టిక్ తీసి చూడటం లాంటివి ఓనరే చేసుకోవాలని మాన్యువల్‌లోనే రాస్తారు, వాటికి భయపడకండి. సర్వీసులు ఎగ్గొట్టడం, ఇంజిన్ విప్పడం, పెద్ద హారనో లైట్లో పెట్టించడానికి వైర్లు కోయడం లాంటి వాటితోనే గొడవ. వైర్లు కోసిన బళ్లకి తర్వాత వచ్చే కరెంటు సమస్య ఎక్కడుందో పట్టుకోవడం మాకు కూడా నరకమే.

ఒక చిన్న నోటుబుక్ బండికి కేటాయించండి. తేదీ, మీటర్ రీడింగ్, ఏం చేశారో ఒక్క లైను చాలు. ఈ ఆదివారం డిప్‌స్టిక్ చూసి మట్టం ఎక్కడుందో అందులో రాసుకోండి, 500 కిలోమీటర్లయ్యాక మళ్లీ చూడండి. కదలకపోతే ఆయిల్ గురించి తర్వాతి సర్వీసు దాకా మర్చిపోవచ్చు. కింది గీత దాకా పడిపోతే ఎన్ని కిలోమీటర్లలో ఎంత తగ్గిందో, పొద్దున్నే సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందో లేదో, బండి నిలబెట్టిన చోట కింద చుక్కలు పడుతున్నాయో లేదో చూసి నాకు రాయండి. ఆ మూడూ తెలిస్తే చూడాల్సింది ఎక్కడో చెప్పగలను.